రహస్యరక్షణము: ముద్రయుంగరము మొదలు చేతి ఫోను వఱకు



పెట్టెకు తాళము వేయుట ప్రాచీనమైన విద్య. ఆ తాళమును తెఱవవచ్చినవాఁడు యజమానుఁడో దొంగయో తెలిసికొనుట అంతకంటె కష్టమైన విద్య. మొదటిది కమ్మరి చేతిపని. రెండవది మన బుద్ధికి సంబంధించిన పని. నేఁడు మనలో అనేకుల ధనము ఇనుపపెట్టెలో లేదు. బ్యాంకువారి కంప్యూటరులో అంకెల రూపమున నున్నది. ఉత్తరములు, ఛాయాచిత్రములు, భూమి పత్రముల నకళ్లు, వైద్యుని చీటీలు, బంధుమిత్రుల చిరునామాలు, ఇవన్నియు అఱచేతిలో ఇమిడెడి ఫోనులోనికి చేరినవి. ఇల్లు విడిచి పోవునపుడు తాళము పడినదో లేదో మూఁడుమాఱులు లాగి చూచువారము, ఈ చిన్న పెట్టె విషయమున మాత్రము అజాగ్రత్తగా నుందుము.

దీనిని కాపాడుకొనుట యెట్లని యంత్రనిపుణులను అడుగుట యుక్తమే. నేను యంత్రనిపుణుఁడను గాను. బడిలో చరిత్రమును, కావ్యములను చెప్పి విశ్రాంతి పొందినవాఁడను. కావున నాకు తెలిసిన మార్గమున, అనఁగా చరిత్రమార్గమున, ఈ విషయమును విన్నవింతును. ఈ మార్గమున నడచినవారికి ఒక సత్యము మఱల మఱల కనఁబడుచుండును. తాళములు విఱిగినందుచేత పోయిన సొత్తుకంటె, తాళము గలవాఁడే స్వయముగా తెఱచి యిచ్చినందుచేత పోయిన సొత్తు ఎక్కువ. ఆ సత్యమునకు సాక్ష్యములను ఒక్కొక్కటిగా చూతము.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుఁడను అధికారి కలఁడు. జనపదములోనికి రాఁదలఁచినవాఁడును, వెడలిపోఁదలఁచినవాఁడును ఒక మాషకమును చెల్లించి అతనియొద్ద ముద్రను పొందవలెను. ముద్ర లేక సంచరించు జానపదునకు 12 పణముల దండనము. కూటముద్రను, అనఁగా దొంగముద్రను, చూపినవానికి అంతకంటె పెద్దదియైన పూర్వసాహసదండము. వాఁడు పరదేశీయుఁడైనచో ఉత్తమసాహసదండము. ఈ శిక్షల తారతమ్యమును గమనింపుఁడు. ముద్ర లేకుండుట చిన్న తప్పు. లేని అధికారమును ఉన్నట్లు చూపుట పెద్ద తప్పు. మన పార్లమెంటు 2000 సంవత్సరమున చేసిన సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో సవరణ జరిగినపుడు 66సి, 66డి అను సెక్షనులు చేర్పఁబడినవి. పరుని పాస్‌వర్డునుగాని ఎలక్ట్రానిక్ సంతకమునుగాని కపటముగా వాడుకొనుట మొదటి దానిలోని నేరము. కంప్యూటరు మూలమున పరుని వేషము ధరించి మోసగించుట రెండవ దానిలోని నేరము. రెంటికిని మూఁడేండ్ల వఱకు కారాగారమును, లక్ష రూపాయల వఱకు జరిమానాయు విధింపవచ్చును. సాధనములు మాఱినను, వేషధారి యంతకుముందున్నవాఁడే.

అర్థశాస్త్రము విధించిన దానిని విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకము కన్నులకు కట్టినట్లు చూపినది. అది నాటకమేకాని చరిత్రము గాదని మొదటనే చెప్పవలెను. ఐనను అందలి తంత్రము నేఁటి మోసములకు మూలప్రతివలె నున్నది. నందుల మంత్రియైన రాక్షసుఁడు తన భార్యాపుత్రులను పాటలీపుత్రమున చందనదాసుఁడను రత్నవర్తకుని యింట దాఁచి పోయెను. అతని ముద్రయుంగరము భార్య వ్రేలనుండెను. పురుషుని వ్రేలికి చేసిన యుంగరమగుటచే అది ఆమెకు వదులు. పసివాఁడు వాకిటికి పరుగెత్తఁగా, వానిని లోపలికి లాగుకొను తొందరలో ఉంగరము జాఱి గడప దాఁటి దొర్లినది. ఆమె యెఱుఁగదు. యమపటమును చూపుచు తిరుగు చారుఁ డొకఁడు దానిని తీసికొనిపోయి చాణక్యునకిచ్చెను. చాణక్యుఁడు రాక్షసుని మిత్రుఁడైన శకటదాసునిచేతనే, అతనికి అసలు సంగతి తెలియకుండ, పేరులు లేని యొక లేఖను వ్రాయించి, దానిపై ఆ యుంగరముతో ముద్ర వేయించెను. ఆ లేఖ మలయకేతుని శిబిరమున పట్టువడునట్లు ఏర్పాటు చేసెను. మలయకేతుఁడు దానిని నమ్మి, తనకు తోడైయున్న రాజులనే చంపించి, రాక్షసుని విడనాడెను.

ఇందలి సూక్ష్మము చూడుఁడు. ఉంగరము నిజమైనది. అక్షరములు శకటదాసునివే. లేఖలోని భావము మాత్రము చాణక్యునిది. రాక్షసుని పిలిచి అడుగకపోలేదు. అడిగినప్పుడు ఆ ముద్రయు, ఆ వ్రాఁతయు తనవారివేయని అతఁడే ఒప్పుకొనవలసివచ్చెను. నేఁడు మిత్రుని వాట్సాప్ నుండి ఒక సందేశము వచ్చును. అతని ఛాయాచిత్రమే, అతని సంఖ్యయే. "అత్యవసరము, పదివేలు పంపుము" అని యుండును. ఆ మిత్రుని ఖాతా దొంగల వశమైయున్నచో, ఉంగరము మిత్రునిదే, కోరిక దొంగది. ముద్ర దేనిని నిరూపించును? ఉంగరము ఎవరియొద్దనో యున్నదని మాత్రమే నిరూపించును. ఆ యుంగరమును పట్టిన చేయి ఎవరిదో నిరూపింపదు. కావున ధనము కోరు సందేశము వచ్చినపుడు, ఆ సందేశమునకే బదులు వ్రాసి విచారించుట చాలదు. మనకు పూర్వమే తెలిసిన సంఖ్యకు మనమే పిలిచి, అతని గొంతు విని, అతనికి మాత్రమే తెలిసిన యొక సంగతి అడుగవలెను.

మఱియొక సంగతి. ఆ యుంగరము పోయిన క్షణముననే దాని ముద్ర చెల్లదని రాక్షసునకు వార్త చేరియున్నచో, ఆ కథ మొదటి యంకములోనే ముగిసెడిది. మన ఫోను పోయినపుడు చాలమంది రెండు దినములు వెదకి, మూఁడవ దినమున విచారపడుదురు. చేయవలసినది వెంటనే సిమ్ కార్డును ఆపించుట, బ్యాంకునకు తెలుపుట, ఠాణాలో ఫిర్యాదు చేయుట. 2023లో కేంద్ర ప్రభుత్వపు టెలికాం శాఖ సంచార్ సాథీ యను పోర్టలును ప్రారంభించినది. పోయిన ఫోను ఏ సిమ్ముతోను పని చేయకుండ దాని మూలమున ఆపింపవచ్చును. మన పేర నెన్ని సిమ్ములున్నవో కూడ చూచుకొనవచ్చును. ఇందునకు ఫోనుయొక్క 15 అంకెల ఐఎమ్‌ఈఐ సంఖ్య కావలెను. అది ఫోను వచ్చిన పెట్టెపైననే యుండును. ఆ పెట్టెను పాఱవేయక, సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసి యుంచుకొనుఁడు.

ముద్ర తరువాతి మెట్టు సంకేతపదము. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దివాఁడైన పొలీబియస్ అను చరిత్రకారుఁడు రోమను సైన్యము రాత్రివేళ పాటించు పద్ధతిని వర్ణించినాఁడు. ప్రొద్దు గ్రుంకు వేళకు సేనాధికారి గుడారమునుండి ఆ రాత్రి సంకేతము వ్రాసిన కొయ్యపలక బయలుదేరును. అది సాక్షుల యెదుట ఒక దళమునుండి మఱియొక దళమునకు చేతులు మాఱి, చీఁకటి పడకముందే అధికారి గుడారమునకు తిరిగి రావలెను. ఏ పలకయైన రాకున్నచో, దానిపై నుండు గుఱుతునుబట్టి అది యెచ్చట ఆగినదో తెలిసికొని, కారకుని శిక్షింతురు. ఇందు రెండు నియమములు గలవు. ఒకటి, ఆ సంకేతము ఒక్క రాత్రికే. రెండు, అది నియమింపఁబడిన దారిలో తప్ప మఱియొక దారిలో పోరాదు.

నేఁడు మనము ఓటీపీ యని పిలుచునది ఇట్టి రాత్రి సంకేతమే. దాని యాయుస్సు కొన్ని నిమిషములు మాత్రమే. కార్డుమీఁది అంకెలు తెలిసినంతమాత్రాన ఎవఁడును ఇంటర్నెట్టుపై కొనుగోలు చేయలేకుండ, మఱియొక రహస్యము గూడ అడుగవలెనని మన రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుండి నిర్బంధము చేసినది. ఈ నియమమువలన దొంగలకు దారి చాలవఱకు మూసికొనిపోయెను. ఐతే వారు వృత్తి మానలేదు. తాళమును విడిచి తాళపుచెవి గలవానిని వెదకికొని వచ్చిరి. "అయ్యా, మీకు వచ్చిన ఆఱు అంకెలను చెప్పుఁడు" అని అడుగుట నేర్చిరి. రోమను పలక నియమముగల దారిలో తప్ప పోనట్లే, ఓటీపీయు మీ ఫోనునుండి మీరు స్వయముగా తెఱచిన పుటలోనికి మాత్రమే పోవలెను. నోటిమాటగా ఎవ్వరికిని పోరాదు. బ్యాంకు ఉద్యోగి దానిని అడుగఁడు. అడిగినవాఁడు బ్యాంకు ఉద్యోగి కాఁడు.

ముద్రలు, సంకేతములు, కావలివారు, ఇన్ని కట్టుదిట్టములున్నను మహాదుర్గములు ఎట్లు పడినవి? ఉదాహరణమునకు దూరము పోనక్కఱలేదు. మన గోల్కొండనే తలఁచుకొందము. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టినచో ఆ ధ్వని కొండమీఁది బాలాహిస్సారున వినఁబడునని చూచివచ్చిన వారందఱు ఎఱుఁగుదురు. ఆ కోటను 1687లో ఔరంగజేబు ముట్టడించెను. సుమారు ఎనిమిది మాసములు ఫిరంగులు మ్రోగినవి. గోడల క్రిందికి సొరంగములు త్రవ్వి మందు కూరి నిప్పంటింపఁగా, ఆ ప్రేలుడు మొగలు సైన్యముమీఁదికే తిరుగఁబడినది. వానలు, కఱవు, రోగములు ముట్టడించినవారినే బాధించినవి. గోడ విఱుగలేదు. ఆ సెప్టెంబరు మాసమున ఒక రాత్రి, లోపల నమ్మకముతో ఉంచుకొనిన సరదారొకఁడు లంచమునకు లోఁబడి, కోటకు గల యొక దిడ్డి వాకిలిని తెఱచి పెట్టెను. తెల్లవారునప్పటికి కోట పోయెను. అబ్దుల్ రజాక్ లారీ యను వీరుఁడు ఒడలెల్ల గాయములతో పోరాడినను ఫలము లేకపోయెను. తానీషా బందీయై దౌలతాబాదు చేరెను.

ఆ సరదారు ద్రోహి. మన యిండ్లలో దిడ్డి తెఱచువారు ద్రోహులు గారు. భయపడినవారు, ఆశపడినవారు, తొందరపడినవారు. ఐనను ఫలము ఒక్కటే. ఫిరంగులకు లొంగని గోడ లోపలివాని చేతికి లొంగును.

ఇఁక కంప్యూటరుల కథకు వత్తము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1961లో ఫెర్నాండో కార్బటో అను ఆచార్యుఁడును, అతని సహచరులును ఒకే కంప్యూటరును అనేకులు ఒకే కాలమున వాడుకొనెడి ఏర్పాటును ప్రదర్శించిరి. ఒకరి కాగితములు మఱియొకరు చూడకుండుటకు ప్రతివానికి ఒక పాస్‌వర్డు నియమింపఁబడెను. కంప్యూటరు పాస్‌వర్డులలో ఇది తొలితరమునకు చెందినది. మఱుసటి యేడే, 1962లో, అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి తనకిచ్చిన కాలము చాలక, పాస్‌వర్డులు గల పట్టికనే అచ్చు వేయుమని యంత్రమునకు చీటీ పెట్టెను. యంత్రము వినయముగా అచ్చువేసి యిచ్చెను. 1966లో మఱియొక వింత జరిగెను. ప్రతిదినము అందఱకు చూపెడి ప్రకటన యుండవలసిన చోట, ఏదో తాఱుమాఱువలన, అందఱి పాస్‌వర్డుల పట్టికయే బయటికి వచ్చెను. ఆ కాలమున ఆ పట్టిక స్పష్టమైన అక్షరములతో నుండెడిది.

దీనికి శాస్త్రజ్ఞులు మంచి ఉపాయము కనిపెట్టిరి. పసుపును సున్నమును కలిపి పారాణి చేసిన పిమ్మట, ఆ యెఱ్ఱని నీటినుండి మఱల పసుపును వేఱుచేయలేము గదా! అట్లే పాస్‌వర్డును వెనుకకు మరలింపరాని గణితముతో మార్చి, ఆ మాఱిన రూపమునే దాఁచుదురు. మనము పాస్‌వర్డు చెప్పినపుడు దానిని మఱల అట్లే కలిపి, రెండు పారాణులు ఒకే రంగుగా నున్నవో లేదో చూతురు. 1960లలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఈ పద్ధతి ఆచరణకు వచ్చినది. 1979లో బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు దీనిని గూర్చి ప్రసిద్ధమైన వ్యాసము వ్రాసిరి. ఐనను ఉపాయము తెలియుట వేఱు, పాటించుట వేఱు. ముప్పది యేండ్ల తరువాత, 2009లో, రాక్‌యూ అను అమెరికను సంస్థ 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులను స్పష్టమైన అక్షరములతోనే దాఁచియుండఁగా, దొంగలు వానిని దోఁచిరి. ఆ పట్టికను పరిశీలించినవారికి అందఱికంటె ఎక్కువమంది వాడిన పాస్‌వర్డు 123456 అని తెలిసినది.

ఈ కథనుండి రెండు నీతులు పుట్టుచున్నవి. మొదటిది: ఒక చోట దొరకిన తాళపుచెవిని దొంగ ప్రతి వాకిటను పెట్టి చూచును. ఏదో యొక వినోదపు పుటకును, మీ బ్యాంకునకును, మీ ఈమెయిలునకును ఒకే పాస్‌వర్డున్నచో, ఆ వినోదపు పుటవారి అజాగ్రత్త మీ బ్యాంకు తలుపు తెఱచును. వీనిలో ఈమెయిలు పాస్‌వర్డు అతిముఖ్యము. తక్కిన పాస్‌వర్డులను మార్చుకొనెడి లింకులు అచ్చటికే వచ్చును గనుక అది తాళపుచెవుల గుత్తివంటిది.

రెండవది: పాస్‌వర్డు బలము దాని పొడవులో నున్నది. ఛందశ్శాస్త్రము చదివినవారు ప్రస్తారము నెఱుఁగుదురు. ప్రతి యక్షరము గురువుగనో లఘువుగనో యుండును గనుక, పాదమున ఒక్క యక్షరము పెరిగినపుడు వృత్తముల సంఖ్య రెట్టింపగును. నాలుగక్షరములకు 16 వృత్తములు. 26 అక్షరముల ఉత్కృతికి వచ్చునప్పటికి 6 కోట్ల 71 లక్షలు దాఁటును. పాస్‌వర్డునకును ఇదే లెక్క. ఆంగ్లమునందలి చిన్న యక్షరములనే వాడినను, ఒక్క యక్షరము పెరిగినప్పుడెల్ల దొంగ వెదకవలసిన సంఖ్య 26 రెట్లగును. ఆఱక్షరములకు సుమారు 30 కోట్ల 89 లక్షలు. ఎనిమిదింటికి 20 వేల 882 కోట్లు. యంత్రములకు ఇదియు పెద్ద సంఖ్య గాదు. కావున పండ్రెండు పదునైదు అక్షరములకు తగ్గరాదు. సంబంధము లేని నాలుగైదు మాటలను తెలుఁగువే యైనను వరుసగా పేర్చి ఆంగ్లలిపిలో వ్రాసికొన్నచో పొడవును కలుగును, జ్ఞాపకమును ఉండును. ఇలవేల్పు పేరు, మనుమని పేరు, పుట్టిన సంవత్సరము, అందఱు ఎఱిఁగిన పద్యమునకు మొదటి మాటలు, ఇవి పనికిరావు. ఇవి మనకు ప్రియమైనవని దొంగయు నెఱుఁగును. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ కూడ 2017లో తన పూర్వనియమములను సవరించి, కొన్ని దినముల కొకమాఱు ఊరక మార్పించుట కంటె పొడవైనదానిని ఎన్నుకొనుటయే మేలని చెప్పినది. బయటపడినదని తోఁచినపుడు మాత్రము వెంటనే మార్పవలెను. ఇన్ని పాస్‌వర్డులు జ్ఞాపకముండవందురా? ఆ పని కొఱకే పాస్‌వర్డులను దాఁచెడి యాప్‌లు గలవు. లేదా ఇంటిలో బీరువా యందుంచు పుస్తకమున వ్రాసికొనుట తప్పుగాదు. ఏటీఎమ్ కార్డు సంచి మీఁద పిన్ను వ్రాసికొనుట మాత్రము తాళపుచెవిని తాళమునకే వ్రేలాడఁగట్టుట.

పాస్‌వర్డుల కథ యిది. ఇంకొక విధమైన దొంగతనము ఉత్తరము రూపమున వచ్చినది. 2000 మే 4న ఫిలిప్పీన్సునుండి బయలుదేరిన యొక ఈమెయిలు, 'నిన్ను ప్రేమించుచున్నాను' అను శీర్షికతో ప్రపంచమంతట వ్యాపించినది. దానికి తగిలించిన ప్రేమలేఖ నిజముగా లేఖ గాదు, వినాశకరమైన ప్రోగ్రాము. తెఱచినవారి ఫైళ్లను పాడుచేసి, వారి చిరునామాల పట్టికలోని వారందఱకు తానే మరల పోవుచుండెను. తెలిసినవారినుండి వచ్చినది గనుక జనులు నమ్మిరి. మలయకేతుఁడును అట్లే నమ్మినాఁడు. ఆ దేశమున అట్టి నేరమును శిక్షించు చట్టము నాఁటికి లేకపోవుటచే నిందితుఁడు శిక్షింపఁబడలేదు. నేఁడు అదే తంత్రము వివాహ శుభలేఖ రూపమునను, పథకపు సొమ్ము వచ్చినదను వార్త రూపమునను, ట్రాఫిక్ జరిమానా రూపమునను, వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా వచ్చుచున్నది. శుభలేఖ చిత్రమై యుండునుగాని, ఫోనులో స్థాపించుకొమ్మని అడుగదు. 'స్థాపింపుము' అని అడిగినది ఏదైనను శుభలేఖ గాదు. యాప్ కావలసినపుడు ఫోనులోనున్న అధికారిక యాప్ స్టోరునుండియే తీసికొనవలెను. అచ్చటినుండి తీసికొన్నను, టార్చిలైటు యాప్ మీ సందేశములను చదువ ననుమతి నడిగినచో, దీపమునకు ఉత్తరములతో పనియేమని ప్రశ్నించుకొనవలెను.

2017 మే 12న వన్నాక్రై అను మఱియొక యుపద్రవము వచ్చినది. కంప్యూటరులోని ఫైళ్లన్నింటికి తాళము వేసి, విడిపించుటకు సొమ్మడుగుట దాని పని. నూట ఏఁబది దేశములలో రెండు లక్షలకుపైగా కంప్యూటరులు దాని వాతఁబడినవి. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసివచ్చినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటరులు కొన్నింటికిని ఈ తెగులు సోఁకినది. విచారమేమనఁగా, అది దూఱిన రంధ్రమును పూడ్చెడి సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు మాసముల ముందే, మార్చి 14న, విడుదల చేసియుండెను. దానిని వేసికొనినవారు బ్రతికిరి. 'రేపు చూతము' అనుకొన్నవారు చెడిరి. చెఱువుగట్టు గండిని పూడ్చుట వేసవి పని. వఱద వచ్చిన పిమ్మట మట్టి మోసి ఏమి లాభము? ఫోను 'అప్‌డేట్' కోరునపుడు ఆ రాత్రియే దానిని ఛార్జికి పెట్టి అంగీకరింపుఁడు. ముఖ్యమైన పత్రములకును ఛాయాచిత్రములకును వేఱొక చోట నకలు ఉంచుకొనుఁడు; రెండవ ప్రతి యున్నవానిని తాళము వేసిన దొంగ బెదరింపలేఁడు.

2016లో యూపీఐ వచ్చిన పిమ్మట కూరగాయల బండికడ కూడ ఫోనుతో చెల్లించు కాలము వచ్చినది. ఇది గొప్ప సౌకర్యము. ఐతే ఒక్క సూత్రమును కంఠస్థము చేయవలెను: పిన్ను డబ్బు పంపుటకే గాని పొందుటకు గాదు. 'మీకు సొమ్ము రావలెనన్నచో ఈ క్యూఆర్ గుఱుతును స్కాను చేసి పిన్ను కొట్టుఁడు' అన్నవాఁడు మీ సంచిలో చేయి పెట్టుచున్నాఁడు.

ఇఁక భయమును పెట్టుబడిగా చేసికొన్న మోసము. పోలీసు దుస్తులు ధరించినవాఁడు వీడియోలో కనఁబడి, 'మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుపదార్థములు దొరకినవి, మీరు డిజిటల్ అరెస్టునందున్నారు, తలుపు మూసికొని కదలకుండ కూర్చుండుఁడు, ఎవరికిని చెప్పకుఁడు' అనును. కొందఱు ఇట్లు దినములతరబడి తమ యింటనే బందీలై, జీవితకాలపు పొదుపును పంపివేసిరి. మన చట్టములలో డిజిటల్ అరెస్టు అనునది లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో ఈ సంగతిని దేశమునకంతకు చెప్పవలసివచ్చిన దన్నచో, ఈ తెగులు ఎంత వ్యాపించినదో ఊహింపుఁడు. ఆ మోసములో కీలకము ఏది? దుస్తులు గావు, కాగితముమీఁది ముద్ర గాదు. 'ఎవరికిని చెప్పకుఁడు' అను మాటయే కీలకము. నిజమైన అధికారి మీరు న్యాయవాదిని గాని కుమారుని గాని పిలుచుకొనుటకు అడ్డు చెప్పఁడు. పింఛనుదారులకు జీవన ప్రమాణ పత్రము పేరు చెప్పి 'ఇప్పుడే వివరములీయకున్న పింఛను నిలిచిపోవును' అనెడివారును ఈ కోవలోనివారే. రహస్యము, తొందర, భయము లేదా ఆశ: ఇవి కలిసి వచ్చినచోట మోసమున్నదని తలఁచి ఫోనును పెట్టివేయుట అమర్యాద గాదు.

ఇటీవల గొంతును గూడ యంత్రముచేత అనుకరించుచున్నారు. మనుమని గొంతుతో 'తాతా, ప్రమాదములో నున్నాను' అని వినఁబడినచో ఎవరి గుండె నిలుచును? అందుచేత రోమను శిబిరపు పద్ధతిని ఇంటికి తెచ్చుకొనుట మేలు. కుటుంబమువారందఱు కలిసి కూర్చుండినపుడు ఒక మాటను సంకేతముగా పెట్టుకొనుఁడు. ఫోనులో వ్రాయకుఁడు. ఆపద యని పిలుపు వచ్చినపుడు ముందు ఆ మాట నడుగుఁడు. చెప్పలేనిచో, పిలుపును ముగించి మీకు తెలిసిన సంఖ్యకు మీరే పిలువుఁడు.

ఇంత చెప్పినను కొందఱు మోసపోవుదురు. వారికి ముఖ్యముగా చెప్పవలసిన మాట యిది. ధనము పోయినదని తెలిసిన నిమిషముననే 1930 అను సంఖ్యకు ఫోను చేయుఁడు. లేదా జాతీయ సైబరు నేరముల పోర్టలున ఫిర్యాదు నమోదు చేయుఁడు. దొంగలు సొమ్మును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు పరుగెత్తించుచుందురు. అది చేతులు మాఱకముందే ఆపఁగలిగిన సొమ్ము కొంత నిలుచును. గంటలు గడచినకొలఁది ఆశ సన్నగిల్లును. బ్యాంకునకును వెంటనే తెలుపుఁడు. మీకు తెలియకుండ, మీ తప్పిదము లేకుండ జరిగిన లావాదేవీని మూఁడు పనిదినములలోపల తెలిపినచో ఆ నష్టభారము మీపై పడరాదనియు, మీరే పిన్ను చెప్పియున్నను బ్యాంకునకు తెలిపిన పిమ్మట జరిగిన నష్టము బ్యాంకుదే యనియు రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఉత్తరువు చేసినది. కావున తెలుపుటయందు ఒక్క గడియ జాగును ఖరీదైనదే.

కాని ఆ గడియ ఏల జాగగును? సిగ్గుచేత. 'చదువుకొన్నవాఁడవు, ఇట్లు మోసపోతివేమి?' అని కొడుకులు కోడండ్రు అందురేమోయని పెద్దవారు నోరు మెదపరు. మొదటి విడత పోయిన పిమ్మట, దానిని రాఁబట్టుకొనవలెనని రెండవ విడతను గూడ పంపుదురు. ఇంటిలోని యువకులారా! మీ తలిదండ్రులు ఇట్టి మాట చెప్పినపుడు ముందుగా 1930 కి ఫోను చేయుఁడు, విమర్శను వదలివేయుఁడు. మోసపోయినవానిని ఎగతాళి చేయు ఇంట తరువాతి మోసము దాఁచఁబడును. దాఁచఁబడిన మోసమే పెరుగును. అవతలివాఁడు నమ్మించుటయే వృత్తిగా పెట్టుకొన్నవాఁడు. చాణక్యుని లేఖకు లొంగినవాఁడు సామాన్యుఁడు గాఁడు, రాజపుత్రుఁడు.

చరిత్రము మనకు చెప్పునది మొత్తము మీఁద ఒక్క మాటలో ఇమిడిపోవును. గోడ యెంత యెత్తుగా నున్నను, దిడ్డి లోపలివాని చేతిలో నున్నది. పొడవైన పాస్‌వర్డు, సకాలపు అప్‌డేటు, రెండవ నకలు, ఇవి మన గోడలు. వీనిని కట్టుకొనుట ఒకనాఁటి పని. 'తలుపు తట్టినవాఁడు చెప్పిన మార్గమున గాక, నాకు తెలిసిన మార్గమున విచారించి తెఱచెదను' అను నియమము దిడ్డికి గడియ. అది అనుదినపు పని. ఈ రాత్రి భోజనానంతరము ఇంటిల్లిపాది కూర్చుండి ఆ సంకేతపు మాటను నిర్ణయించుకొనుఁడు. ఇంటిలో పెద్దవారి ఫోనులో 1930 అను సంఖ్యను వ్రాసి యుంచుఁడు. ఆ రెండు పనులకు పట్టు కాలము పది నిమిషములు.